డిస్క్ నిండిందని ఎవరు చెప్పాలి?

పోయిన ఉగాదికి మన క్లబ్ పెట్టిన కథల పోటీ గుర్తుందా? కథలు పంపడానికి ఆఖరి రోజు రాత్రి 12 గంటల దాకా టైం ఇచ్చాం. 10:40కి సైట్ డౌన్ అయింది. ఆ సంగతి మాకు 11:30కి తెలిసింది. అది కూడా హాస్టల్లో ఎవరో "అన్నా, పేజీ తెల్లగా వస్తోంది" అని వాట్సాప్‌లో పెడితే! సైట్ మళ్ళీ లేచేసరికి 12:25.

ఆ సాయంత్రమే మా వెబ్ టీంలో ఒక ఫ్రెండ్ చిన్న మార్పు చేశాడు. కథని పేజీలో టైప్ చేయడమే కాకుండా పీడీఎఫ్‌గా కూడా పంపొచ్చు, అదీ మార్పు. ఇంకేముంది, గ్రూప్‌లో అందరూ వాడి మీద పడ్డారు. "ఆఖరి రోజు నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అని ఒకళ్ళు, "టెస్ట్ చేయకుండా ఎలా పెట్టావ్?" అని ఇంకొకళ్ళు. వాడు సారీ చెప్పి గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు. తర్వాత క్లబ్‌కి రావడం కూడా మానేశాడు.

వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, ఒక కంపెనీలో ఎస్‌ఆర్‌ఈగా చేస్తుంది. ఈ కథంతా చెప్పి "డిస్క్ నిండిపోయిందక్కా, అందుకే పడిపోయింది" అన్నాను. మార్పు ఎవరు చేశారని అడుగుతుందనుకున్నా. తను అడిగింది వేరే. "డిస్క్ 80 శాతం నిండినప్పుడు మీకు ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మేం ఏమీ పెట్టుకోలేదు. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న నుంచి పుట్టింది. ఆ రాత్రి అసలేం జరిగిందో కూడా చివర్లో చెప్తాను, అది నేను చెప్పాల్సిన బాకీ.

ఎస్‌ఆర్‌ఈ అంటే ఎవరు?

సైట్ రిలయబిలిటీ ఇంజనీర్ అన్నదానికి పొట్టి పేరు ఎస్‌ఆర్‌ఈ. మనం వాడే యాప్, సైట్, పేమెంట్ ఏదైనా సరే, నమ్మకంగా నడిచేలా చూసే ఇంజనీర్ అన్నమాట.

ఇదివరకు కంపెనీల్లో రెండు జట్లు ఉండేవి. కోడ్ రాసే డెవలపర్లు ఒక జట్టు, ఆ కోడ్‌ని సర్వర్ల మీద నడిపే ఆపరేషన్స్ వాళ్ళు ఇంకో జట్టు. డెవలపర్లకి కొత్త ఫీచర్లు త్వరగా బయటికి వెళ్ళాలి. ఆపరేషన్స్ వాళ్ళకి ఏ మార్పూ లేకుండా ఉంటే హాయి, ఎందుకంటే మార్పు వచ్చినప్పుడే కదా ఎక్కువగా పగిలేది. ఇక ఇద్దరికీ అత్తాకోడళ్ళ తగాదా.

2003లో గూగుల్‌లో బెన్ ట్రేనర్ స్లాస్ అనే ఇంజనీర్‌కి ఏడుగురున్న ఒక ప్రొడక్షన్ టీం అప్పగించారు. ఆపరేషన్స్ పనిని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకే ఇస్తే ఎలా ఉంటుందో అదే చేసి చూశాడాయన. రోజూ ఒకే పని చేత్తో చేయాలంటే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కి విసుగు. పదిసార్లు చేశాక పదకొండోసారికి స్క్రిప్ట్ రాసేస్తాడు. ఆ విసుగుని పనికొచ్చేలా వాడుకోవడమే ఎస్‌ఆర్‌ఈకి పునాది.

చేత్తో, మళ్ళీ మళ్ళీ, సర్వీస్ పెరిగేకొద్దీ పెరుగుతూ, చేశాక ఏమీ మిగలని పనికి వీళ్ళు 'టాయిల్' అని పేరు పెట్టారు. మనకి అంతకంటే మంచి మాట ఉంది, చాకిరీ. గూగుల్ పెట్టుకున్న నియమం ఏంటంటే, ఎస్‌ఆర్‌ఈ టైంలో ఈ చాకిరీ సగానికి మించకూడదు. మిగతా సగం ఆ చాకిరీని తగ్గించే ఇంజనీరింగ్‌కి పోవాలి. ఈ పద్ధతులన్నీ కలిపి 2016లో వాళ్ళు పుస్తకంగా తెచ్చారు, ఆన్‌లైన్‌లో ఉచితంగానే చదవొచ్చు. నేను మొదలుపెట్టింది అందులోంచే.

నూటికి నూరు ఎందుకు వద్దు?

నాకు బాగా ఆశ్చర్యం అనిపించిన విషయం ఇది. ఎస్‌ఆర్‌ఈలు సైట్ ఎప్పుడూ పడిపోకూడదు అని లక్ష్యం పెట్టుకోరు. ఎంతసేపు పడిపోయినా ఫర్వాలేదో ముందే రాసి పెట్టుకుంటారు.

ఇందులో మూడు పదాలు ఉంటాయి. కొలిచే అంకె ఎస్‌ఎల్‌ఐ. ఆ అంకె ఇంత ఉండాలి అని మనకి మనం పెట్టుకునే గురి ఎస్‌ఎల్‌ఓ. తప్పితే డబ్బు తిరిగిస్తాం లాంటి షరతులతో కస్టమర్‌కి రాసిచ్చే ఒప్పందం ఎస్‌ఎల్‌ఏ. ఇంటర్వ్యూల్లో అడుగుతారు కాబట్టి తేడా గుర్తుపెట్టుకోండి.

లెక్క చూద్దాం. 30 రోజులంటే 43,200 నిమిషాలు. సైట్ 99 శాతం టైం పనిచేస్తే చాలనుకుంటే నెలకి 7 గంటల 12 నిమిషాలు డౌన్‌లో ఉండొచ్చు. 99.9 అయితే 43 నిమిషాలు. 99.99 అయితే 4 నిమిషాల చిల్లర. 99.999 అంటే 26 సెకన్లు, అంటే ఫోన్ మోగి మనిషి నిద్ర లేచే లోపే కోటా అయిపోయింది. ఒక్కో తొమ్మిది కలిపేకొద్దీ ఖర్చు, కష్టం విపరీతంగా పెరుగుతాయి. చూసేవాడి వైఫైయే రోజూ కాసేపు పోతుంటే, మనం చేర్చిన ఆ ఆఖరి తొమ్మిది వాడికి కనిపించదు కూడా.

నూరులోంచి ఎస్‌ఎల్‌ఓ తీసేయగా మిగిలినదాన్ని 'ఎర్రర్ బడ్జెట్' అంటారు, తప్పుల బడ్జెట్. ఇంట్లో నెల ఖర్చులాంటిదే. నెల మధ్యలో చేతిలో డబ్బుంటే సినిమాకి వెళ్తాం, లేకపోతే ఆగుతాం. అలాగే బడ్జెట్ మిగిలి ఉంటే కొత్త ఫీచర్లు ధైర్యంగా పెట్టొచ్చు. అయిపోతే కొత్తవి ఆపి, ఉన్నదాన్ని గట్టి చేయాలి. డెవలపర్లకీ ఆపరేషన్స్‌కీ గొడవ అక్కడితో తగ్గింది, ఎందుకంటే ఇప్పుడు "పెట్టు", "వద్దు" అని చెప్పేది మనిషి కాదు, ఇద్దరూ ఒప్పుకున్న అంకె.

మన పోటీ పేజీకి ఈ లెక్క వేశాను. 1 గంట 45 నిమిషాలు డౌన్, అంటే నెలకి 99.76 శాతం. మార్కులైతే స్వీట్లు పంచేవాళ్ళం. కానీ ఆ రాత్రి కథ పట్టుకుని కూర్చున్నవాళ్ళకి మా మార్కు సున్నా. అక్క దీనికి చెప్పింది ఏంటంటే, సర్వర్ బతికుందా లేదా అని కొలవడం కంటే, కథ పంపాలనుకున్నవాళ్ళలో ఎంతమంది పంపగలిగారు అని కొలవాలి. కొలత వాడేవాళ్ళ వైపు నుంచి ఉండాలి. మేం ఆ అంకె తీద్దామని చూస్తే తెలిసింది, డిస్క్ నిండాక లాగ్ కూడా రాయలేకపోయింది సర్వర్. ఎంతమంది ప్రయత్నించి వెనక్కి వెళ్ళారో ఇప్పటికీ మాకు తెలీదు. గడువు రెండు రోజులు పెంచాం గానీ, ఒక ఫస్ట్ ఇయర్ అమ్మాయి తర్వాతెప్పుడో చెప్పింది, తెల్ల పేజీ చూసి టైం అయిపోయిందనుకుని ఊరుకుందట. అది తను రాసిన మొదటి కథ.

నాలుగు సంకేతాలు, మెస్ భాషలో

ఏ సర్వీస్‌కైనా కనీసం నాలుగు విషయాలు గమనించమని గూగుల్ పుస్తకం చెప్తుంది. మన హాస్టల్ మెస్ అనుకుని చూడండి.

ఒకటి, లేటెన్సీ. టోకెన్ ఇచ్చిన దగ్గర్నుంచి ప్లేట్ చేతికొచ్చేదాకా ఎంతసేపు? ఇక్కడ సగటు చూస్తే మోసపోతాం. తొంభై మందికి ఒక నిమిషం, పది మందికి ఇరవై నిమిషాలు పడితే సగటు మూడు నిమిషాల లోపే వస్తుంది. ఆ పది మంది ఆకలి సగటులో కనిపించదు. అందుకే నూటికి 95వ మనిషి, 99వ మనిషి ఎంతసేపు ఆగాడో చూస్తారు.

రెండు, ట్రాఫిక్. ఎంతమంది వస్తున్నారు? ఆదివారం చికెన్ రోజు రద్దీ వేరు, సోమవారం ఉప్మా రోజు రద్దీ వేరు.

మూడు, ఎర్రర్లు. ఎంతమందికి అసలు ప్లేట్ రాలేదు, లేదా దోశ అడిగితే ఇడ్లీ వచ్చింది? తప్పు జవాబు కూడా ఎర్రరే.

నాలుగు, శాచురేషన్. గిన్నెలు ఎంత నిండాయి, పెనాలు ఎన్ని ఖాళీ? మెమరీ, సీపీయూ, డిస్క్ ఇందులోకి వస్తాయి. మిగతా మూడూ చెడిపోయాక చెప్తాయి, ఇది తరచూ చెడిపోకముందే చెప్తుంది. మా కొంప ముంచింది ఈ నాలుగోదే.

పనిముట్లు

టూల్స్ పేర్లు వింటే పెద్ద జాబితా. ఏది ఏ పనికో తెలిస్తే భయం ఉండదు.

కొలతలు తీసుకోవడానికి ప్రోమిథియస్. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైంది, అంతకుముందు గూగుల్‌లో పనిచేసిన ఇంజనీర్లు మొదలుపెట్టారు. ఇది ప్రతి సర్వర్ దగ్గరికీ తనే వెళ్ళి, ఉదాహరణకి 15 సెకన్లకోసారి, అంకెలు అడిగి తెచ్చుకుంటుంది. కరెంటు మీటర్ రీడింగ్ తీసేవాళ్ళలాగా అనుకోండి. సర్వర్‌లో డిస్క్, మెమరీ అంకెలు చెప్పడానికి నోడ్ ఎక్స్‌పోర్టర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. డిస్క్ ఇదే వేగంతో నిండుతుంటే ఇంకో నాలుగు గంటల్లో పూర్తిగా నిండిపోతుందా అని లెక్కగట్టే ఫంక్షన్ కూడా ప్రోమిథియస్‌లో ఉంది.

ఆ అంకెల్ని బొమ్మలుగా చూపించేది గ్రఫానా. హాల్లో టీవీ మీద గ్రాఫులు కదులుతుంటాయే, అవి. కానీ గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా, రాత్రి 10:40కి దాని ముందు ఎవరూ కూర్చోరు. అందుకే మూడో పనిముట్టు, అలర్ట్. ప్రోమిథియస్‌తో వచ్చే అలర్ట్ మేనేజర్, పేజర్‌డ్యూటీ లాంటివి ఈ వారం డ్యూటీలో ఉన్న మనిషి ఫోన్ మోగిస్తాయి. ఆ డ్యూటీని ఆన్‌కాల్ అంటారు.

మా చిన్నక్క పెళ్ళిలో, సరిగ్గా జీలకర్ర బెల్లం టైంకి, ఈ అక్క ఫోన్ మోగింది. పట్టుచీరలో మండపం వెనక్కి వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది. పెద్దమ్మ తిట్టిన తిట్లు నాకింకా గుర్తున్నాయి. వారాలు మార్చుకోవడం కుదరలేదట. అలర్ట్‌ల గురించి అడిగితే అక్క అన్నది, "వారంలో నలభై సార్లు ఊరికే మోగిందనుకో, నలభై ఒకటోసారి నేను లేవనురా. నిజంగా తగలబడుతున్నా లేవను." నాన్నా పులి కథ మనకి తెలిసిందే కదా. కాబట్టి మనిషి ఇప్పుడే లేచి చేయాల్సిన పని ఉంటేనే ఫోన్ మోగాలి. రేపు చూసినా సరిపోయేది టికెట్‌గా వెళ్ళాలి. మోగిన ప్రతి అలర్ట్‌కి 'ఇది వస్తే ముందు ఇది చూడు, తర్వాత ఇది చేయి' అని రాసిన కాగితం ఉండాలి. దాన్ని రన్‌బుక్ అంటారు.

ఫోన్ మోగాక కారణం వెతకడానికి లాగ్‌లు, ట్రేస్‌లు. లాగ్ అంటే ప్రోగ్రాం రాసుకునే డైరీ. ట్రేస్ అంటే ఒక రిక్వెస్ట్ ఏ సర్వీస్ నుంచి ఏ సర్వీస్‌కి వెళ్ళింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది అన్న ప్రయాణ వివరం. దీనికి ఓపెన్‌టెలిమెట్రీ, యేగర్ లాంటివి వాడతారు.

సర్వర్లని చేత్తో సెట్ చేయకుండా ఫైల్లో రాసి పెట్టడానికి టెర్రాఫాం. కంటైనర్లు చచ్చిపోతే మళ్ళీ లేపడానికి, రద్దీ పెరిగితే ఇంకొన్ని నిలబెట్టడానికి కుబెర్నెటిస్. గూగుల్ 2014లో దీన్ని ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. గ్రీకులో ఆ మాటకి ఓడ నడిపేవాడు అని అర్థం.

చివరిగా నాకు ఇష్టమైనది, నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ కేయాస్ మంకీ. ఇది నడుస్తున్న సర్వర్లని కావాలనే, ఏది అని చెప్పకుండా ఆపేస్తుంది. ఒక సర్వర్ పోయినా సినిమా ఆగకూడదు కదా, అది నిజమో కాదో ఆఫీస్ టైంలో, అందరూ మెలకువగా ఉన్నప్పుడే తేల్చుకోవడానికి. కొంపలో కోతిని పెంచుకోవడం అంటే ఇదే.

ఐదు బ్యాకప్‌లు, ఒక్కటీ లేదు

ఇన్ని పనిముట్లున్నా ఎలా దెబ్బ తింటారో చూడాలంటే 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌కి జరిగింది చదవాలి. రెండు డేటాబేస్ సర్వర్లు ఉన్నాయి, ఒకటి అసలుది, రెండోది దాని నకలు. నకలు వెనకబడిపోయింది. దాన్ని మళ్ళీ నింపుదామని రాత్రిపూట ఒక ఇంజనీర్ ఆ సర్వర్‌లో డేటా ఫోల్డర్ చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో తెలిసింది, తను ఉన్నది నకలు మీద కాదు, అసలుదాని మీద. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది.

సరే, బ్యాకప్ ఉందిగా అనుకుంటాం. రోజూ తీయాల్సిన బ్యాకప్ ఫెయిల్ అవుతూ ఉంది, ఎందుకంటే డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2. ఫెయిల్ అయిన ప్రతిసారీ మెయిల్ వెళ్తోంది, కానీ ఆ మెయిల్స్‌ని మెయిల్ సర్వర్ వెనక్కి కొట్టేస్తోంది. ఎవరికీ అందలేదు. ఇలా ఐదు రకాల ఏర్పాట్లలో ఏదీ అనుకున్నట్టు పనికిరాలేదు. అదృష్టం ఏంటంటే, అదే ఇంజనీర్ ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒక స్నాప్‌షాట్ తీసి ఉన్నాడు. దాంతోనే బతికారు. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల, 5,000 కామెంట్ల, 700 కొత్త అకౌంట్ల వివరాలు పోయాయి.

కంపెనీ ఆ ఇంజనీర్‌ని బలి ఇవ్వలేదు. డేటా వెనక్కి తెచ్చే పని యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించారు. తర్వాత పోస్ట్‌మార్టం రాసి అందరికీ పెట్టారు, అందులో ఆ మనిషి పేరు లేదు. 'జాగ్రత్తగా ఉండాలి' అని రాసి వదిలేయలేదు. ఏ సర్వర్ మీద ఉన్నామో స్క్రీన్ మీద స్పష్టంగా తేడా తెలిసేలా చేయడం, బ్యాకప్‌ని నిజంగా తెరిచి చూసే ఏర్పాటు, ఇలాంటి పనులు రాసుకున్నారు.

దీన్ని నింద లేని పోస్ట్‌మార్టం అంటారు. తప్పు చేసినవాళ్ళని వదిలేయడం కాదు దీని ఉద్దేశం. తిడతారని తెలిస్తే మనిషి నిజం దాస్తాడు. దాచిన చోట సిస్టం బాగుపడదు. ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకు చెమట పట్టింది. ఎందుకో కింద ఉంది.

మన పోస్ట్‌మార్టం

ఏం జరిగింది: ఉగాది కథల పోటీ పేజీ రాత్రి 10:40 నుంచి 12:25 దాకా పనిచేయలేదు.

ఎలా తెలిసింది: 50 నిమిషాల తర్వాత, ఒక స్టూడెంట్ మెసేజ్ వల్ల. మా ఏర్పాటు వల్ల కాదు.

కారణం: 20 జీబీ డిస్క్ నిండిపోయింది. అందులో ఆ రోజు వచ్చిన పీడీఎఫ్‌లు 600 ఎంబీ కూడా లేవు. లాగ్ ఫైల్ ఒక్కటే 14 జీబీ. నెల ముందు ఒక బగ్ వెతకడానికి లాగింగ్‌ని డీబగ్ స్థాయికి మార్చి, తిరిగి మార్చడం మర్చిపోయారు. ఆ మార్చింది నేను.

ఎలా సరిచేశారు: లాగ్ ఫైల్ తీసేసి సర్వర్‌ని రీస్టార్ట్ చేశారు. అదీ నేనే. అంటే 12:25కి నాకు కారణం తెలుసు. గ్రూప్‌లో అందరూ మా ఫ్రెండ్‌ని అంటున్నప్పుడు నేను 'సైట్ వచ్చేసింది' అని మాత్రం పెట్టాను.

వేరేవాళ్ళ పోస్ట్‌మార్టంలో పేరు రాయకూడదు గానీ, నాది నేను రాసుకోవచ్చనుకుంటా.

చేయాల్సిన పనులు: లాగ్‌లు పెరగకుండా పాతవి కత్తిరించే లాగ్‌రొటేట్ పెట్టాం. ఐదు నిమిషాలకోసారి డిస్క్ చూసి 80 శాతం దాటితే టీం ఫోన్లకి మెసేజ్ పంపే పన్నెండు లైన్ల స్క్రిప్ట్ పెట్టాం, పెట్టాక కావాలనే డిస్క్ నింపి మెసేజ్ వస్తుందో లేదో చూశాం. సెటింగ్స్ ఎవరు ఎప్పుడు మార్చారో తెలిసేలా అన్నీ గిట్‌లో పెట్టాం. ఇక నుంచి ఆఖరి వారంలో కొత్త ఫీచర్ వద్దని నియమం పెట్టుకున్నాం.

మీకు చిన్న ప్రాజెక్ట్ ఉన్నా సరే, ఇవాళే ఒక పని చేయండి. సర్వర్‌లోకి వెళ్ళి డీఎఫ్ కమాండ్ కొట్టి డిస్క్ ఎంత నిండిందో చూడండి. తర్వాత ప్రోమిథియస్, గ్రఫానా మీ లాప్‌టాప్‌లో పెట్టుకుని ఆడుకోండి, రెండూ ఉచితమే. బ్యాకప్ ఉంటే దాన్ని ఒక్కసారైనా తెరిచి చూడండి.

ఈ వ్యాసం ఎడిటర్‌కి పంపే ముందు మా ఫ్రెండ్‌కి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒక మెసేజ్ వచ్చింది: "80 శాతం ఎక్కువరా, 70కి పెట్టు."

70కి మార్చాను. ఆ స్క్రిప్ట్‌లో మెసేజ్ వెళ్ళే నంబర్లలో ఇప్పుడు వాడిది కూడా ఉంది. వాడే ఇచ్చాడు.